టేపు మామ దొరకబట్టిన నాలుగంగుళాలు

టేపు మామ మెడలో టేపు లేకుండా చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. పుట్టగానే ఏడవడం మానేసి మంత్రసాని జాకెట్టు చేతుల కొలత తీశాడని చెప్పుకుంటారు. కొలతలో ఎంత గట్టివాడో మాటలో అంత మెత్తనివాడు. అందుకే, వైద్యమూ ఇంటి సాయమూ కలిపి చూసుకునే కమిటీలో వీధివాళ్లూ ఉండాలంటూ ఆరోగ్య కేంద్రం తన పేరు రాసుకుందని తెలిసి కుట్టుమిషను వెనక నక్కాడు. భార్య ఊరుకుంటుందా? ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని దెప్పిపొడిచి, ఇస్త్రీ చొక్కా తొడిగి పంపింది. మొదటి రెండు సమావేశాల్లో ఆయన టీ తాగి, అందరి కాలర్లూ పరిశీలించి వచ్చాడు.

మూడో సమావేశంలో కమిటీవాళ్లు పోస్టుమాస్టరు గురించిన ఫైలు తెరిచారు. రిటైరైపోయిన ఆ పెద్దాయన టేపు మామ దుకాణం పైగదిలో ఒంటరిగా ఉంటాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ చిక్కిపోతున్నాడు. తనను తాను చూసుకోలేడని, సోమవారం ఊరవతల వృద్ధాశ్రమంలో చేర్చాలని కాగితం తయారైంది. పరీక్షల్లో ఏ లోపమూ లేదని డాక్టరమ్మ చెప్పింది. రోజూ భోజనం పంపుతున్నామని, ఆయన క్యారియరు ఖాళీ చేసి, కడిగి తిరిగి పంపుతున్నాడని సంక్షేమ అధికారి చెప్పాడు. ఎవరి పని వాళ్లు చక్కగానే చేస్తున్నారు. మనిషే అరిగిపోతున్నాడు.

టేపు మామ గొంతు సవరించుకున్నాడు.

"రెండు నెలల్లో ఆయన ప్యాంటు నడుము మూడుసార్లు బిగించానండీ. మొత్తం నాలుగంగుళాలు. క్యారియరెడు అన్నం తినేవాడి నడుము అలా కరగదు. తింటున్నదెవరో ముందు చూడండి."

మధ్యాహ్నం భోజనం వేళకు అందరూ మేడెక్కారు. కిటికీ నిండా బలిసిన పిల్లి ఒకటి ఉంది. అది పక్కకు జరిగితే తప్ప గదిలోకి వెలుతురు రాదు.

"నాలుగంగుళాలూ దొరికాయి," అన్నాడు టేపు మామ.

పోస్టుమాస్టరు తల దించుకున్నాడు. వెంట వచ్చిన నర్సమ్మ పక్కన కూర్చుని మెల్లగా అడిగితే అప్పుడు బయటపడింది. జబ్బు చేశాక చిగుళ్లు తగ్గి కట్టుడు పళ్లు వదులైపోయాయి. నమిలితే ఊడొస్తున్నాయి, గుచ్చుకుంటున్నాయి. ఆ సంగతి తెలిస్తే చేతకానివాడని ఎక్కడికైనా పంపేస్తారేమోనని భయపడి, భోజనం పిల్లికి పెట్టి క్యారియరు తానే తోముతున్నాడట. రక్తం చూసినవాళ్లు, గిన్నె చూసినవాళ్లు ఉన్నారు కానీ, నోరు తెరిపించి చూసినవాళ్లు లేరు.

డాక్టరమ్మ అక్కడికక్కడే పళ్ల డాక్టరుకు చీటీ రాసింది. పళ్లు సరయ్యేదాకా మెత్తగా వండించే పూచీ అధికారిది. పూటపూటా ఎదురుగా కూర్చుని తినిపించే పని టేపు మామ భార్య తీసుకుంది. ఆవిడ కళ్లుగప్పి మెతుకు తీసే పిల్లి ఇంకా పుట్టలేదు. అధికారి ఆశ్రమం కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

అంతా మెట్లు దిగబోతుంటే పోస్టుమాస్టరు ఆపాడు.

"ఒరేయ్ టేపూ, నా నడుము గురించి ఇంతమంది సభ పెట్టారు, బాగుంది. మరి ఆ సభలో నాకు కుర్చీ ఏదిరా?"

మరుసటి నెల సమావేశానికి అందరికంటే ముందు వచ్చినవాడు ఆయనే. తన ఫైలు ఒళ్లో పెట్టుకుని, 'అశక్త వృద్ధుడు' అన్నచోట కొట్టేయించి, 'పళ్లు వదులైన మనిషి' అని రాయించాకే టీ ముట్టుకున్నాడు.