పలకల కింద గొర్రెలను మేయనిచ్చిన సారు

పోయిన వారం ఒక పొద్దున జీవాలను తోలుకొని మైలవరం దగ్గరి సోలార్ గేటుకు పోతే, వాచ్‌మన్ గొళ్లెం తీయలేదు.

“పెద్ద సారు పోయినాడంట మామా. గుండె ఆగిందంట. ఇంక జీవాలను లోపలికి ఇడవద్దని ఫోను చేసినారు.”

మనిషి పోయినందుకు ఏడవాలో, మేత పోయినందుకు ఏడవాలో తెలియక మందను వెనక్కి తిప్పాను.

ఆయన మీకు తెలిసి ఉండడు. మా వల్లూరు వైపు సేద్యగాళ్ల బిడ్డ. మొదట గాలిమరలు ఎక్కి దిగే ఇంజనీరు. తర్వాత ఎండతో కరెంటు చేసే కంపెనీలో చేరి, మొత్తం దానికే పెద్ద అయినాడు. అంతటి మనిషి కూడా దారిలో మంద ఎదురొస్తే కారు ఆపించేవాడు. హారన్ కొట్టనిచ్చేవాడు కాదు.

మా మేత బీడును కంపెనీ తీసుకున్న ఏడు, నేను ఆయన కారుకు అడ్డంగా మందను నిలబెట్టాను.

“పక్కకు తోలు పెద్దాయనా.”

“యాడికి తోలేది? నీ కారు కింద ఉండేది గూడా మా బీడే.”

నవ్వుతూ దిగాడు. “నీ గొర్రె ఎంత ఎత్తుంటాది?”

“నీకు కండ్లు లేవా? కొలుచుకో.”

నిజంగానే టేపు తెప్పించి కొలిచాడు. పొట్టేలు కుమ్మితే ప్యాంటంతా దుమ్ము. గొర్రె దూరేటంత ఎత్తున సోలార్ పలకలు పెట్టించాడు. ఇది కరెంటు కంపెనీయా, గొర్రెల దొడ్డియా అని ఆఫీసులో వాళ్లు ఎగతాళి చేశారంట. “ఎండ మనం తీసుకుంటాం. నీడన మొలిచే గడ్డి మనది కాదు” అన్నాడంట.

నాకు ఒకటే షరతు పెట్టాడు. “మేకలు మాత్రం వద్దు మామా. పైకెక్కుతాయి.”

ముందు మేక నడిస్తేనే మా మంద కదులుతుంది. కుర్చీలో కూర్చునే మనిషికి జీవాల సంగతి ఏం తెలుసులే అని ఒక మేకను కలిపి తోలాను. అది బండ ఎక్కినట్టు పలక ఎక్కింది. పలక పగిలింది. హైదరాబాదు నుంచి ఆఫీసర్లు దిగారు. మేకను ఎవరు రానిచ్చారని అడిగారు.

“మేకను రమ్మనింది నేనే” అని చెప్పేశాడు సారు.

వాళ్లు పోయినాక నా దగ్గరకు వచ్చాడు. “శానా మొండోడివి మామా.”

“నువ్వు శానా అబద్ధాలకోరువి” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాము. తప్పు నాదని మాత్రం ఆ పొద్దు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినేందుకు ఆయన లేడు.

అప్పుడే ఆయన అన్నాడు: “నేను ఎప్పుడూ ఈడనే ఉండను మామా. నీ మంద మేసేదానికి ఒక కాగితం రాపిస్తా.”

“నీ మాట చాలదా? కాగితం అడిగితే నిన్ను నమ్మనట్టే గదప్పా” అన్నాను. మర్యాద చేశాననుకున్నాను. రెండోసారి అడిగినా వద్దన్నాను.

ఇప్పుడు కొత్తగా వచ్చిన ఆఫీసరు అడిగిన మొదటి మాట కాగితం ఉందా అని. ఆయన మాట ఇచ్చినాడంటే, “ఎవరికి తెలుసు పెద్దాయనా?” అన్నాడు. తెలిసినవాళ్లం ఇద్దరమే. జీవాలను ఈ సంతకే తోలేయమంటోంది ఇంటిది. ఎండాకాలం దాటేదానికి వేరే మేత లేదు. నేనూ సరేనన్నాను.

నిన్న కంచె వెంబడి మందను తోలుకొని పోయాను. లోపల కూలీలు వీపుకు డబ్బాలు కట్టుకొని గడ్డిని చంపే మందు కొడుతున్నారు. ఒక గొర్రె కంచె సందులో మూతి పెట్టి ఇంత గడ్డి కొరికింది. దాని దవడలు పట్టుకొని, నోట్లో వేళ్లు పెట్టి లాగేశాను. చేతిలోకి వచ్చిన గడ్డి ఇంకా పచ్చగానే ఉంది.