గడ్డిని అడవి అన్న మనిషి

మొన్న మహబూబాబాద్ బస్టాండు దగ్గర నిలబడి ఉంటే, బోదగడ్డి మోపులు వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి వచ్చి నా పక్కనే ఆగింది. ఎవరో పాక కప్పు కోసం తెప్పించుకుంటున్నట్టున్నారు. అంతకుముందే పడిన జల్లుకు మోపులు తడిసి, నిమ్మతొక్క నలిపినట్టు ఘాటైన వాసన వేస్తున్నాయి. నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఆటో కదిలేదాకా నేను కదల్లేదు. ఆ వాసనను నాకు పరిచయం చేసిన మనిషి హేమ్లా నాయక్ సార్. అడవుల శాఖలో సెక్షన్ ఆఫీసరు, నా మొదటి పై అధికారి. ఆయన పేరు ఏ పేపర్లోనూ రాలేదు. దంతాలపల్లి చుట్టూ నాలుగైదు ఊళ్లు, రెండు మూడు తండాలు దాటితే ఆయనెవరో చెప్పగలిగేవాళ్లు లేరు. అందుకే రాయాలనిపించింది.

మాది భూపాలపల్లి. అడవి అంటే నాకు టేకు, మద్ది, ఇప్ప. మధ్యాహ్నం కూడా నీడ విడవని చోటు. రాష్ట్రం కోసం ఊరూరా ఉద్యమం నడుస్తున్న రోజుల్లో బీట్ ఆఫీసరుగా ఉద్యోగం వచ్చి దంతాలపల్లి వైపు వేస్తే, అలాంటి అడవే ఉంటుందనుకుని వెళ్లాను. సార్ నన్ను తీసుకెళ్లి నిలబెట్టింది మోకాలెత్తు గడ్డి, మొరం, అక్కడక్కడా రేగుకంపలు తప్ప ఏమీ లేని పెద్ద బీడులో. కాగితాల్లో అది అడవే. చుట్టూ పత్తి చేన్లు. అప్పుడాయనకు యాభై దాటి ఉంటాయి. సన్నని మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. నేను నవ్వి, ఇందులో కాపలా కాయడానికి ఏముంది సార్, ఒక్క చెట్టయినా లేదు అన్నాను. ఆయన ముందుకు నడిచాడు. వెనకే నడిచాను. కొంతదూరం పోయాక ఉన్నట్టుండి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాలు లేపకు బిడ్డా. గట్లనే నిలవడు."

నా బూటుకు జానెడు దూరంలో, గులకరాళ్ల నడుమ, గులకరాళ్ల రంగులోనే నాలుగు గుడ్లున్నాయి. పైన తీతువు అరుస్తూ తిరుగుతోంది. నేను ఆ అరుపు వింటూనే ఉన్నాను గానీ, అది నా కాళ్ల కోసమని అనుకోలేదు.

"చెట్టు లేదంటివి," అన్నాడాయన. "చెట్టుంటే దీనికి పరేషాన్. చెట్టు మీద గద్ద కూసుంటది, గుడ్లు సూస్తది. దీనికి గిట్ల బయలే కావాలె. గిది గూడ అడవే బిడ్డా, పొట్టి అడవి."

ఆ ఏడాదంతా ఆయన వెనక నడుస్తూ ఆ పొట్టి అడవిని నేర్చుకున్నాను. తడిసిన బోదగడ్డి ఏ వాసన వేస్తుందో, పూరేడు పిట్ట ఎక్కడ దాక్కుంటుందో, కుందేలు పడక ఎలా ఉంటుందో, ఏ గడ్డి గింజ కట్టాక కోయాలో, ఏది కోయకూడదో. చుట్టుపక్కల రైతులకు ఆయన ఒక్కటే చెప్పేవాడు. పిట్టలు పొదిగే రోజుల్లో గడ్డి కోయకండి, ఆ తర్వాత మీ పశువులకు కావలసినంత కోసుకోండి అని. రేగుకంపల వెనక ఒక తోడేళ్ల జంట ఉండేది. అవి ఉన్నాయి కాబట్టే అడవి పంది మందలు పుట్టిన పిల్లలన్నిటినీ పెంచుకోలేకపోతున్నాయని, పంది తగ్గితే లాభపడేది జొన్న చేనేనని ఆయన రైతులతో అనేవాడు. వాళ్లు వినేవాళ్లు. నమ్మేవాళ్లో లేదో చెప్పలేను.

ఆ తోడేళ్లే ఒకరోజు తండాలో చాందమ్మ మేకపిల్లలను రెండింటిని చంపాయి. చాందమ్మకు మేకలే బతుకు. భర్త బతుకుదెరువు కోసం ఎటో వలసపోయాడు. మేము వెళ్లేసరికి తోడేళ్లు మళ్లీ వచ్చి తిని చావాలని ఆమె మిగిలిన కళేబరం మీద పురుగుల మందు పోయడానికి సీసా పట్టుకుని ఉంది. సార్ చట్టం పేరు చెప్పి బెదిరిస్తాడనుకున్నాను. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, ఆమె ముందర నేల మీద కూర్చున్నాడు. ఆమె తమ లంబాడీ భాషలో చాలాసేపు తిట్టింది. ఆయనా అదే భాష మనిషి. ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. తిరిగి వస్తుంటే ఏమన్నది సార్ అని అడిగాను.

"నీ ఇంట్ల మేకలు పోతె తెలుస్తది అన్నది. నిజమే గద."

మర్నాటి నుంచి మూడు రోజులు ఆయనా నేనూ తుమ్మకంప నరికి ఆమె మేకల దొడ్డి చుట్టూ మనిషెత్తు కంచె కట్టాం. నా అరచేతులు గీరుకుపోయాయి. ఇది మన పని కాదేమో సార్ అని రెండో రోజు అన్నాను. మన తోడేలు తిన్నది కాబట్టి మన పనే అన్నాడు. మూడో రోజు చాందమ్మ గొయ్యి తీసి కళేబరాన్ని తనే పూడ్చింది. ఆ తర్వాత కూడా మేతకు పోయినప్పుడు ఒక మేక పోయింది. అప్పుడామె సీసా తీయలేదు. మా క్వార్టర్ల దగ్గరికి వచ్చి, అరుగు మీద కూర్చుని, సార్‌ను తిట్టి, టీ తాగి వెళ్లింది.

ఉద్యోగులందరం సమ్మెలోకి దిగిన కాలం వచ్చింది. దంతాలపల్లి సెంటర్లో టెంటు వేశారు. సార్ రోజూ పొద్దున్నే వెళ్లి కూర్చునేవాడు. యూనిఫాం మడిచి పెట్టెలో పెట్టేశాడు. సినిమాల్లో మన మాటను ఎగతాళి చేస్తే చిన్నప్పటి నుంచి నోరు మూసుకుని కూర్చున్నానని, ఇప్పుడు మాత్రం టెంటు కింద నుంచి లేవనని ఆయన నాతో అన్నాడు. ఆయన పక్కనే కూర్చునేవాడు రాజన్న. పక్క ఊరి రైతు, బాగా మాట్లాడతాడు, అతను మాట్లాడితే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఒకరోజు రాజన్న రాలేదు. రాలేదెందుకని ఎవరూ అనుకోలేదు. కాసేపటికి చాందమ్మ నడుచుకుంటూ టెంటు దాకా వచ్చి, రాజన్న ట్రాక్టరు బీడును దున్నుతోందని, ఆఫీసర్లు సమ్మెలో ఉన్నారుగా అని పత్తి పెట్టబోతున్నాడని చెప్పింది.

సమ్మెలో ఉండి విధికి పోతే సమ్మె విరిచినట్టు. పోకపోతే గడ్డి పోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు సార్‌నే చూస్తున్నారు. చివరికి లేచి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"ఉద్యోగం పక్కకు వెట్టిన. ఊరును పక్కకు వెట్టలే."

పంచె మీదే నా స్కూటీ వెనక ఎక్కాడు. మేము చేరేసరికి రెండెకరాల దాకా దున్నేశారు. తెగిన గడ్డి వేళ్లు ఎండలో తేలి ఉన్నాయి. రాజన్నకు మమ్మల్ని చూసి ఇబ్బందిగానే ఉంది. ఆ ఇబ్బంది కోపంగా బయటికొచ్చింది.

"సమ్మెల ఉండి డ్యూటీ చేస్తవా సార్? రేపు తెలంగాణ వస్తే గీ భూములన్నీ మనయే గద."

"మనయే రాజన్నా," అన్నాడు సార్. "మనయనే గద కొట్లాడుతున్నం. వచ్చేదాకనన్న ఉంచుదాం."

ట్రాక్టరు ఆగలేదు. అప్పుడు తండా వైపు నుంచి గంటల చప్పుడు వినిపించింది. చాందమ్మ వస్తూ దారిలో కబురు పెట్టిందట. నాలుగు మందల మేకలు, వాటి వెనక ఆడవాళ్లు. మేకలు వచ్చి ట్రాక్టరు ముందర గడ్డిలో పరుచుకుని మేయసాగాయి. ఎవరూ అరవలేదు. డ్రైవరు రాజన్న వైపు చూశాడు, సార్ వైపు చూశాడు, ఇంజను ఆపాడు.

రెండెకరాలు పోయాయి, మిగతాది నిలిచింది. టెంటులో కొందరు సార్‌ను సమ్మె విరిచినవాడన్నారు. సమ్మె ముగిశాక పై నుంచి ఒక అధికారి, విధుల్లో లేనప్పుడు ఎందుకు వెళ్లావని సంజాయిషీ అడిగాడు. రెండిటికీ ఆయన ఒకే జవాబు ఇచ్చాడు. ఆ ఊరివాడిగా పోయాను అని. సమ్మె ఇంకా నడుస్తుండగా రాజన్న కొన్నాళ్లు టెంటులో దూరంగా కూర్చున్నాడు. తర్వాత ఒకరోజు తన పక్క జాగా చేత్తో దులిపి సార్‌ను పిలిచాడు. దున్నిన చోట మాత్రం వయ్యారిభామ కలుపు మొలిచింది. గడ్డి రాలేదు.

రాష్ట్రం వచ్చింది. సార్ రిటైరై తండాకు వెళ్లిపోయాడు. నేను జనగామ వైపు బదిలీ అయ్యాను. అక్కడ ఇలాంటి బీడులోనే నీలగిరి మొక్కలకు గుంతలు తవ్వాలని కాగితం వచ్చింది. మొక్కలు నాటడానికి అనువైన భూమి అని నేను ధ్రువీకరించాలి. ఆ నేల ఏమిటో నాకు తెలుసు. అయినా సంతకం పెట్టాను. కొత్త అధికారి, చిన్న పిల్లలు, ఎక్కడికో మళ్లీ బదిలీ అవుతుందన్న భయం. ఏ కారణమైనా చెప్పుకోవచ్చు, పెట్టింది నేనే.

ఆ సంగతి చెప్పడానికి తండాకు వెళ్లాను. తిడతాడని వెళ్లాను. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. సార్ అంతా విని, ఆ పక్క భూమిలో ఏమున్నదని అడిగాడు. అదీ గడ్డే సార్ అన్నాను. మర్నాడు మోకాళ్ల నొప్పులతోనే ఆర్టీసీ బస్సెక్కి నాతో వచ్చాడు. తవ్విన గుంతల పక్క నుంచి నడిచి, అవతలి గడ్డిలోకి వెళ్లి నిలబడ్డాడు.

"గిది గూడ అడుగుతరు," అన్నాడు. "అడిగిన నాడు కాయితం ఆఫీసుల సదువకు. ఈడికి వచ్చి, గీ గడ్డిల కూసోని సదువు."

నిజంగానే అడిగారు. అప్పటికి ఆయన పోయి ఆరు నెలలైంది. ఆ కాగితం సంచిలో పెట్టుకుని గడ్డిలోకి వెళ్లి కూర్చుని చదివాను. అనువైనది కాదని, ఎందుకు కాదో రెండు పేజీలు అక్కడే రాశాను. ఆ భూమి ఇప్పటికీ గడ్డిగానే ఉంది.

ఒకసారి జంకినవాళ్లం ఇక ఎప్పటికీ జంకుతూనే ఉంటామని నేను నమ్మేదాన్ని. ఆయన ఆ నమ్మకాన్ని నా దగ్గర ఉండనివ్వలేదు. ఇవాళ్టికీ ఏ భూమి కాగితం మీదా బల్ల ముందు కూర్చుని సంతకం పెట్టను. ఆ నేల మీదికి వెళ్లి, చదివి, అక్కడే పెడతాను, లేదా పెట్టను. మేడం ఫైలు ఎండకు పోయింది అని మా ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వుకోనిస్తాను.