నీలం ఫైలు

యెసేనియా బర్రగాన్ ఎక్కడికి వెళ్లినా చంకలో నీలం ఫైలు ఉండాల్సిందే. వాళ్ల ఊరు మోడెస్టో నుంచి బాదం తోటల మీదుగా యూనివర్సిటీకి గంటంపావు బస్సు ప్రయాణం. అంతసేపూ అదే ఆమెకు బల్ల. దాని మీదే లెక్కలు చేస్తుంది, దాని మీదే వాళ్లమ్మ చుట్టిచ్చిన బురీటో రొట్టె తింటుంది. అందుకే అంచులన్నీ కారం మరకలు. లోపల, యూనివర్సిటీకి ముందు ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివిన ప్రతి కోర్సు సిలబసూ, దిద్దిన ప్రతి పరీక్ష పేపరూ ఉంటాయి. "నోట్సు పారేసినా ఫర్వాలేదు, సిలబస్ పారేస్తే ఏడుస్తారు" అని అక్కడి టీచరు మొదటిరోజే చెప్పింది. మిగతావాళ్లు నవ్వారు. యెసేనియా కాగితాలకు బెజ్జాలు కొట్టే మిషను కొనుక్కుంది.

యూనివర్సిటీలో చేరిన మొదటి వారమే సలహాదారు హాలిస్ కంప్యూటర్‌లో ఆమె మార్కులు చూసి పెదవి విరిచాడు. "నువ్వక్కడ చదివిన స్టాటిక్స్ కోర్సు ఇక్కడ చెల్లదమ్మా, మళ్లీ చదవాలి. అది అయితేగానీ పై కోర్సులకి రానివ్వరు. ఇంజనీరింగ్ ఓ ఏడాది వెనక్కి పోతుంది, అంతే."

"పోదు సార్," అంటూ ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. రెండు కాలేజీల సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి, ఏ వారం ఏ పాఠమో వేలు పెట్టి చూపించింది. ఆఖర్న తన ఫైనల్ పేపరు పరిచింది. హాలిస్ అయిదో లెక్క దగ్గర ఆగి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"మేమిచ్చేదానికన్నా కష్టంగా ఉందే! ఇవన్నీ ఎవరు దాచుకుంటారమ్మా?"

"అక్కణ్ణించి వచ్చినవాళ్లం సార్. మమ్మల్నేగా రుజువులు అడుగుతారు."

ఆయన కోర్సు చెల్లుతుందని సంతకం పెట్టి, కలానికి మూత పెట్టబోయాడు.

"ఉండండి సార్, మూయకండి," అంటూ యెసేనియా ఇంకో రెండు కోర్సుల సిలబస్‌లు బయటికి తీసింది. "వీటి సంగతి ఆఖరి ఏడు, పట్టా గౌను వేసుకునే వేళ అడుగుతారు. అప్పుడు నాకు తీరికుండదు."