నా పిడికిలి మీద డాక్టర్ రక్తం

మేం మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉంటాం. మా తమ్ముడికి కాల్లో మేకు దిగితే పసుపు అద్దుకుని వారం తిరిగాడు. చలిజ్వరంతో పడిపోయాక సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందన్నారు. మర్నాటికి మూత్రం ఆగిపోయింది.

"కిడ్నీలు పనిచేస్తలేవు, డయాలసిస్ పెట్టాలె" అన్నాడు కుర్ర డాక్టర్. నాకు ఒళ్లు మండిపోయింది.

"దెబ్బ కాలికి తగిల్తే కిడ్నీలెట్ల పోతయ్? ఏం జేసిన్రు మావోణ్ని?" అంటూ కాలర్ పట్టి మూతి మీద గుద్దాను. పెదవి చిట్లి, తెల్లకోటు మీద రక్తం కారింది. నలుగురు నన్ను గోడకేసి అదిమారు.

ఆయన పెదవికి దూది అదుముకుంటూనే చెప్పాడు. "మేమేం జెయ్యలేదన్నా. క్రిముల మీద మీ తమ్ముని ఒళ్లే తిరగబడ్డది. లోపలంత వాపొచ్చి, ఆ వాపే సొంత కిడ్నీలను సుత కొడుతున్నది. జల్ది సంతకం పెట్టు."

రక్తం ఆరని ఆ చేత్తోనే సంతకం పెట్టాను.

ఆరోరోజు, కుట్లు పడ్డ పెదవితో ఆయనే మూత్రం సంచి ఎత్తి చూపించాడు. "వచ్చిందన్నా" అన్నాడు. అడుగున కాస్త పచ్చగా కనబడింది.

ఆ రోజు తమ్ముడి ఒళ్లు చేసిన పనే నేనూ చేశాను, మా వైపు ఉన్నవాణ్నే కొట్టాను. వాడి కిడ్నీలు కోలుకున్నాయి. డాక్టర్ పెదవి మీద గీత మాత్రం పోలేదు.