రూతమ్మ గరిటె తాళం

“పడవ రాకపోతే ఏటి బాబూ, యేసయ్య పుట్టడం మానేత్తాడేటి లా!” అని నాతో అంటూ, ఇక్కడి మలేసియా వాళ్లలా మాట చివర ‘లా’ తగిలించి, రూతమ్మ బిర్యానీ గిన్నె మూత తీసింది. నవ్వుతోంది గాని, చూపు రేవు మీదే ఉంది. సువార్త చెప్పడానికి ఈ దీవికి వచ్చాక ఆమెకిది మొదటి క్రిస్మస్. పోర్ట్ క్లాంగ్ నుంచి రావలసిన పాటల బృందం గాలివానకు అక్కడే ఆగిపోయింది. కాసేపటికి కొంగు నడుములో దోపుకుని, రోజూ బట్టలుతుకుతూ పాడే పాటనే, గరిటెతో తాళం వేస్తూ ఎత్తుకుంది. రెండో చరణానికి ఆమె ఇంటి చెక్కగోడల అవతల నుంచి గొంతులు కలిశాయి. ఏడాదిగా విని నేర్చేసుకున్న హిందూ ఇరుగుపొరుగువాళ్లు తడుస్తూ, పాడుతూ లోపలికి వచ్చేశారు. రూతమ్మ పాట ఆపి వాళ్లనే వింది. చెంపలు తుడుచుకుని నావైపు తిరిగింది. “నిలబడిపోనావేటి? పక్కింటి పైడయ్య మావ ఇంట్లో భజన తాళాలున్నాయి, పట్టుకురా. ఇంతమందికి ఈ గరిటె సాలదు లా!”