జీపు ముందు పరుగు

ఆటోలు వచ్చాక కరీంనగర్‌లో టాంగాలు మూలబడ్డాయి. మేపలేనివాళ్లు గుర్రాలను రోడ్డు మీదికి వదిలేశారు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైన ముసలాయన అలాంటివి పదకొండింటిని పట్టుకొచ్చి, మా ఆస్తిలో మిగిలిన ఒకే ఒక్క రేకుల షెడ్డులో కట్టేశాడు. నేను కిరాయి అడగలేదు. అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ఆ ఏడు వానలు పడలేదు. ఎండలు ముదిరేసరికి గడ్డి అయిపోయింది. గుర్రాలు ఒకదాని తోక ఒకటి కొరుక్కుతినేవి.

కాలేజీలో దూరపు పరుగులో నన్ను మించినవాడు లేడు. జమ్మికుంట పత్తి మార్కెట్ నుంచి కరీంనగర్ దాకా, నలభై కిలోమీటర్ల పైచిలుకు, ఆగకుండా పరుగెత్తుతాను, గుర్రాలకు గడ్డి ఇవ్వండని చీటీలు పంచాను. వ్యాపారులు ఆ చీటీలు చుట్టి చెవుల్లో తిప్పుకొన్నారు.

రైతుల పత్తి కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడితిదారు మాత్రం నాకు కుర్చీ వేయించాడు. వానలు పడేదాకా గడ్డీ దాణా తనే పంపుతానన్నాడు.

"ఒక్కటే షరతు దొరా. నా జీపు ముంగట ఉరకాలె. మా బాపు ఉరికినట్టే ఉరకాలె."

అతను ఎవరి కొడుకో అప్పుడు తెలిసింది. మా తాత సవారి కచ్చురంలో బయలుదేరితే ఎడ్ల ముందు వెట్టికి పరుగెత్తింది వాళ్ల బాపే. ఊరు దగ్గరపడితే "దొర వస్తుండు, జరుగుండ్రి" అని అరవాలి. ఏడేళ్లప్పుడు తాత పక్కన కూర్చుని ఆయన మడమలు చూస్తూ, ఎడ్లను ఇంకా జోరుగా తోలించమని అడిగాను. తోలించారు.

ఒప్పుకొన్నాను. ఆ అరుపు సంగతి మరిచిపోయాను.

తెల్లారి మొదలుపెట్టాం. హుజూరాబాద్ దాటాక తారు మెత్తబడింది. జీపు వేడి నా పిక్కలకు తగులుతోంది.

"మా బాపుకు చెప్పులు గూడ లేకుండె. నీకు బూట్లున్నయ్, ఏం ఫికర్?"

మానకొండూరు దగ్గర బూటులో గోరు ఊడింది. అయినా ఒక్క అడుగు కూడా నడవలేదు. చూసినవాళ్లెవరైనా ఆ మాట చెబుతారు.

మానేరు వంతెన మీద జనం. వాళ్ల ముందు కాంపౌండరు తెల్ల ఆడగుర్రాన్ని పట్టుకొని నిలబడ్డాడు. అడితిదారు నన్ను ఆపాడు.

"ఊరొచ్చింది దొరా. ఇగ ఒర్రు."

"ఏమని?"

"సేటు వస్తుండు, జరుగుండ్రి అని. బాపు ఉరికినట్టే అన్న గద."

"అను దొరా!" కాంపౌండరు కేకేశాడు. "మూడు మాటలే. నీకు దండం పెడ్త."

నోరు తెరిచాను. గుర్రం చెవులు నా వైపు తిరిగాయి. నోరు మూసుకొన్నాను.

అడితిదారు కోపం చేసుకోలేదు. "ఉరుకుడు అందరికొస్తది. మా బాపు ఇంటికొచ్చి ఏడ్సింది ఒర్రినందుకే" అన్నాడు. జీపు వెనక్కి తిప్పుకొన్నాడు.

గడ్డి రాలేదు. గుర్రాలు వారానికి రెండు చొప్పున పడిపోయాయి. తెల్లది చివరిది. ఇక లేవదని, ప్రాణం తీసే సూది వేయడానికి కాంపౌండరు నన్ను తల పట్టుకోమన్నాడు.

"గట్టిగ పట్టు. గిప్పుడన్న ఒక్క మాట అను, దానికి."

తల పట్టుకొన్నాను. గుర్రం నా చొక్కా చేతిని గడ్డి అనుకొని నములుతోంది. సూది దిగేదాకా నమిలింది.