గంటన్న గొంతు

దసరా దగ్గర పడిందంటే మా హన్మకొండ చౌరస్తాలో రోడ్డు పొడుగునా గునుగు పువ్వు కట్టలు దిగుతాయి. ఈసారి కూడా రెండు కట్టలు కొనుక్కొచ్చి, కాడలు సమంగా కోసి, బకెట్లో గులాబీ రంగు కలిపి ముంచుతుంటే, పచ్చిగడ్డి వాసనా రంగుపొడి వాసనా కలిసి ముక్కుకు తగిలాయి. అందరికీ ఆ వాసన బతుకమ్మను గుర్తుకు తెస్తుంది. నాకు ముందు గుర్తొచ్చేది ఒక పుస్తకం, అందులోని రెక్కల దున్నపోతు, ఆ దున్నపోతుకు గొంతు ఇచ్చిన నా స్నేహితురాలు నసీమ.

పొద్దునే ఒక పత్రిక నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. మా చిన్నప్పటి ‘మబ్బులరేవు’ పుస్తకాలు మళ్లీ అచ్చవుతున్నాయట. అప్పటి పిల్లలు వాటికోసం ఎందుకంతగా ప్రాణం పెట్టారో చెప్పమంది. మాయలు, మబ్బుల మీద పడవలు, అప్పట్లో మాకు వేరే కాలక్షేపం లేకపోవడం అంటూ తోచింది చెప్పాను. నేను చెప్పిందేదీ అబద్ధం కాదు. కానీ చేతులకంటిన గులాబీ రంగు చూసుకుంటూ కూర్చుంటే, అసలు సంగతి చెప్పనే లేదనిపించింది.

మా ఇల్లు వరంగల్ బజారులో ఉండేది. ముందు నాన్న బట్టల దుకాణం, వెనక ఇల్లు, పైన డాబా. మిర్చి కాలంలో ఎనుమాముల మార్కెట్టుకు పోయే బండ్లు మా రోడ్డు మీదుగా పోతుంటే గల్లీ అంతా తుమ్ములే, దుకాణంలో చీరలు చూసే ఆడవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బేరాలాడేవాళ్లు. వానాకాలంలో బడి నుంచి తడిసి వస్తే నానమ్మ కాల్చిన మక్కకంకి చేతిలో పెట్టేది, బొగ్గుల మీద పేలిన గింజ వాసన, తడిసిన యూనిఫాం వాసన, దుకాణంలోంచి వచ్చే కొత్త బట్టల గంజి వాసన అన్నీ ఒక్కటై ఉండేవి. దుకాణం అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని యాకూబ్ చాచా కూర్చునేవాడు. మా దగ్గర కొన్న బట్ట అక్కడే కుట్టించుకుని పోయేవాళ్లు జనం. పండుగ వస్తే ఆయన మిషను చప్పుడు మాకు గడియారం లెక్క, అది ఆగిందంటే అన్నం వేళ అయిందని అర్థం. చాచా వాళ్ల ఇల్లు మా ఇంటికి ఆనుకునే, రెండు డాబాల నడుమ నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. ఆయన కూతురే నసీమ. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ.

చాచాకు సణుగుడు ఎక్కువ. కోపం కాదు, అదొక అలవాటు. మా కొలతలు తీసేటప్పుడు టేపు మెడలో వేసుకుని, “జర సక్కగ నిలబడు బిడ్డా, గట్ల ఊగుతె లంగ ఒంకర బోతది. ఆ, గిప్పుడు మంచిగున్నది. మళ్ల ఊగుతాన్నవ్” అని అంటూనే ఉండేవాడు. చివరికి జేబులోంచి సోంపు తీసి చేతిలో పోసేవాడు.

మబ్బులరేవు పుస్తకాలు ఏడాదికొకటో, ఇంకాస్త ఆలస్యంగానో వచ్చేవి. తార అనే అమ్మాయి ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా ఆమె డాబా దగ్గరికి మబ్బుల పడవొకటి వచ్చి ఆగుతుంది, అందులో ఎక్కితే మబ్బులరేవు. ఆ ఊళ్లో వానలు అమ్మే అంగళ్లు, ఉరుముల్ని కట్టేసే కొట్టాలు, తప్పిపోయిన గాలిపటాలు కాపురముండే చెట్లు. అక్కడ తారను వీపు మీద మోసుకు తిరిగేది రెక్కల దున్నపోతు గంటన్న. మెడలో పెద్ద గంట, మోకాళ్ల నొప్పులు, ఎప్పుడూ ఏదో ఒక ఫిర్యాదు. కానీ తార కష్టంలో ఉందంటే అందరికంటే ముందు వచ్చేది ఆయనే. మా గల్లీలోనూ సాయంత్రం కరెంటు పోయేది. అంతకుముందు అయ్యో అని ఉసూరుమనేవాళ్లం, ఆ పుస్తకాలు వచ్చాక మాత్రం తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లు బిళ్ల వదిలేసి, గోటీలాడేవాళ్లు గోటీలు జేబులో కుక్కుకుని, అందరం కేకలేస్తూ డాబా మీదికి పరిగెత్తేవాళ్లం. పడవ రాదని తెలుసు. అయినా ధర్మసాగర్ దిక్కు నుంచి మబ్బు లేస్తుంటే అందరం పిట్టగోడ దగ్గరికి జరిగేవాళ్లం.

గల్లీ మొత్తానికి ఒక్కటే పుస్తకం, నాన్న కొన్నది. అందుకే ఒకరు చదివితే అందరం వినేవాళ్లం, ఆ ఒకరు నసీమ. పుస్తకంలో గంటన్న అందరిలాగా పుస్తకాల తెలుగే మాట్లాడేవాడు. నసీమ మొదటి పుస్తకంలోనే దాన్ని మార్చేసింది. గంటన్న మాట వచ్చిందంటే గొంతు బొంగురు చేసి, మెడ కొంచెం వంచి, “జర మెల్లగెక్కు బిడ్డా, నా నడుము ఇరుగుతాంది” అని చదివేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం. అది అచ్చం చాచా గొంతు.

ఒకరోజు చాచా మెట్ల మీద నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన్ను చూసి మేం నవ్వు ఆపేశాం. “నేను దున్నపోతు లెక్క మాట్లాడుతాన్ననా?” అని కళ్లు పెద్దవి చేసి, సణుక్కుంటూ దిగిపోయాడు. నసీమ భయపడింది. మర్నాడు బడికి పోతుంటే ఆయనే మిషను ఆపి నన్ను పిలిచాడు.

“బిడ్డా, నిన్న కథల నేనేడికి పోయిన?”

“ఉరుముల కొట్టం కాడికి పోయినవ్ చాచా.”

“తార ఎక్కినదా? పడలేదు గదా?”

ఆ రోజు నుంచి రోజూ అదే పని. దారం ఎక్కిస్తూ, గుండీలు కుడుతూ, నిన్న నేనేం చేసిన అని అడిగేవాడు. గంటన్న దెబ్బలాటలో గెలిస్తే అరుగు మీద ఉన్నవాళ్లందరికీ తనే గెలిచినట్టు చెప్పేవాడు.

మూడు పుస్తకాలు అట్లా గడిచాయి. నాలుగోది రాకముందే, తొలివానలు పడుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చాచా ఛాతీ పట్టుకుని మిషను మీదికి ఒరిగాడు. నాన్న, పక్క దుకాణపాయన కలిసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. చాచాను ప్రాణంతో ఇంటికి తేలేకపోయారు.

నెక్కొండ నుంచి చుట్టాలు వచ్చారు, ఇల్లు నిండిపోయింది, అందరూ ఏడ్చారు. నసీమ ఏడవలేదు. నీళ్లు తెచ్చిచ్చింది, చిన్నపిల్లల్ని ఎత్తుకుంది, ఎవరేం చెబితే అది చేసింది. తర్వాత బడికొచ్చింది, లెక్కలు చేసింది, అడిగితే జవాబు చెప్పింది. డాబా మీదికి మాత్రం రావడం మానేసింది. నేను పిలిస్తే “పనున్నది” అనేది. మా నానమ్మ, “పిల్ల లోపల్నే బిగవట్టుకున్నది, గట్లుంటె మంచిది గాదు” అని అమ్మతో అనడం చాలాసార్లు విన్నాను. అరుగు మీద మిషనుకు నాన్న ఒక దుప్పటి కప్పించాడు. కొత్త దర్జీని పెట్టుకొమ్మని ఎవరన్నా అంటే, చూద్దాం చూద్దాం అని మాట దాటేసేవాడు.

బతుకమ్మ మొదలయ్యే పెత్తరమాసకు ముందు నాలుగో పుస్తకం వచ్చింది. నీలం అట్ట, దాని మీద గంటన్న రెక్కలు విప్పుకుని ఉన్నాడు. ఎంతకాలం నుంచి ఎదురుచూస్తున్నామో, అయినా నేను దాన్ని తెరవలేదు. బీరువాలో చీరల కింద పెట్టాను. గల్లీ పిల్లలు రోజూ వచ్చి అడిగేవాళ్లు, ఒకరిద్దరు అలిగి మాట్లాడటం మానేశారు కూడా. మా తమ్ముడు చిన్నోడు అందరికంటే ఎక్కువ సతాయించేవాడు. ఒకరోజు వాడికే ఇచ్చాను, చదువుకో పో అని. వాడు అట్ట చూశాడు, వాసన చూశాడు, మళ్లీ నా చేతిలో పెట్టేశాడు.

“నసీమక్క లేకుంటె గంటన్న ఎట్ల మాట్లాడుతడే?”

అప్పుడు నాకు భయం వేసింది. నసీమ ఇంకెప్పటికీ రాకపోతే ఈ పుస్తకం ఏమవుతుందని కాదు, మేమేమవుతామని.

దారి చూపింది నానమ్మే. బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ రేపనగా డాబా మీద గునుగు కట్టలు పోయించి, పిట్టగోడ మీద నుంచి కేకేసింది. “నసీమా, నీ కత్తెర దీస్కోని రా బిడ్డా. మా పోరగాండ్లు కోస్తె ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. మీ నాయిన లెక్క సాఫుగ కోసేది నువ్వొక్కదానివే.” పెద్దావిడ మాట కాదనలేక వచ్చింది. కూర్చుని, తల వంచుకుని, కాడలన్నీ ఒక్క కొలతకు కోసింది. ఇద్దరం కలిసి రంగులో ముంచి ఆరబెట్టాం. ఎండ మెత్తగా ఉంది, కింద వంటింట్లోంచి వేయించిన నువ్వుల వాసన వస్తోంది. చిన్నోడు ఎప్పుడు తెచ్చాడో, నీలం అట్ట పుస్తకం ఆమె పక్కన పెట్టి దూరంగా పోయి నిలబడ్డాడు. నసీమ చాలాసేపు చూసింది. చేతులు లంగాకు తుడుచుకుని పుస్తకం తెరిచింది. గులాబీ రంగు ఇంకా పోలేదు, మొదటి పేజీకి అంటింది.

చదవడం మొదలుపెట్టగానే పిల్లలందరూ ఎట్లా తెలుసుకున్నారో ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చారు. కానీ ఆ చదువులో ఉప్పూ కారం లేదు. గంటన్న మాటలు కూడా పుస్తకంలో ఉన్నట్టే, తన మామూలు గొంతుతోనే చదువుకుంటూ పోయింది. మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. అట్లా ఆ పూటా, మర్నాడు పొద్దునా సాగింది. కథలో తార పొగమంచు ఏరు దాటాలి. గంటన్న రెక్కకు గాయమైంది. అయినా మోస్తూనే ఉన్నాడు. ఆవలి ఒడ్డు చేరాక, “దిగు తల్లీ, ఒడ్డు వచ్చింది” అంటాడు, అదే ఆయన చివరి మాట.

నసీమ ఆ వాక్యం దగ్గర ఆగింది. వేలు దాని మీదే పెట్టి ఉంచింది. తర్వాత మెడ కొంచెం వంచి, గొంతు బొంగురు చేసి, మెల్లగా అంది.

“దిగు బిడ్డా. జర సూసుకోని దిగు. ఒడ్డొచ్చింది.”

అంతే, పుస్తకం ఒళ్లోనే ఉండిపోయింది. ఆమె ఏడ్చిన ఏడుపు నేను అంతకుముందు వినలేదు, ఆ వయసు పిల్ల లోపల అంత ఏడుపు పడుతుందని కూడా తెలియదు. చిన్నోడు ఏడ్చాడు, అందరం ఏడ్చాం. అమ్మ పిండి చేతులతో పరిగెత్తుకొచ్చి, “ఏం పుస్తకాలే ఇవి, పండుగ పూట పిల్లను గిట్ల ఏడిపిస్తాన్నయి!” అని దాన్ని లాక్కోబోయింది.

పిట్టగోడ అవతల నసీమ వాళ్లమ్మ నిలబడి ఉంది. భర్త పోయాక గడువు దినాలు కాబట్టి ఇల్లు దాటి రావడం లేదు, వాళ్ల డాబా మీదే ఆగిపోయింది.

“తియ్యకక్కా,” అంది అమ్మతో. “ఏడ్వనియ్యి. గిన్ని దినాల సంది ఒక్క సుక్క రాలే. నేను కింద బియ్యం ఏరుకుంట కూసున్న. ఆయనే పిలిచినట్టు ఇనొచ్చింది.”

అమ్మ పుస్తకం వదిలేసి, నసీమను ఎత్తి పిట్టగోడ మీది నుంచి వాళ్లమ్మకు అందించింది. ఎత్తుకునే వయసు కాదు. అయినా ఎత్తుకుంది. ఆ తల్లీకూతుళ్లు అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నారు.

గంటన్నకు దినాలు చెయ్యాలన్నది చిన్నోడి మాట. “బర్రెగొడ్లకు దినాలేందిరా, అదీ పుస్తకంల దానికి” అని నానమ్మ కసిరింది. కాసేపు విస్తరాకులు సర్దుతూ ఉండి, ఎటో చూస్తూ అడిగింది.

“గా దున్నపోతుకు ఏం తినుడిష్టమట?”

“బెల్లం,” అంది నసీమ, అవతలి నుంచి.

సద్దులకు మా ఇంట్లో ఎట్లాగూ మలీద చేస్తారు, రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి వేసి ముద్దలు కట్టి. పీర్ల పండుగకు నసీమ వాళ్లింట్లోనూ అదే చేస్తారు. ఆ రోజు నానమ్మ ఇంకో పళ్లెం ఎక్కువ చేయించింది. నసీమ వాళ్లమ్మ పళ్లెం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని తన ప్రార్థన చదివింది, మా నానమ్మ దండం పెట్టింది. ఎవరి పేరు మీద అని ఎవరూ పైకి అనలేదు. పిల్లలందరికీ తలా ఒక ముద్ద పెట్టారు. సాయంత్రం బతుకమ్మ పేర్చేటప్పుడు, నసీమ కోసిన గునుగు వరుసలు గీత గీసినట్టు నిలిచాయి.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది, తర్వాత డాబా కూడా పోయి పైన మూడంతస్తులు లేచాయి, కింద సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు. నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. కరెంటు పోవడం కూడా తగ్గింది, పోయినా పిల్లలు ఎక్కడికీ పరిగెత్తరు. ఒకే పుస్తకం కోసం గల్లీ అంతా ఎదురుచూడడం, ఒక మనిషి గొంతులోంచి అందరూ ఒకే కథ వినడం ఎక్కడా కనిపించడం లేదు.

నసీమ ఇప్పుడు నెక్కొండలో టీచరు, రోజూ రైల్లో పోయి వస్తుంది. గునుగు ఆరబెట్టాక ఆమెకు ఫోన్ చేసి, పత్రిక అమ్మాయి అడిగిన మాటే నా తీరుగా అడిగాను.

“గంటన్న సచ్చిపోయిండని తెలిసినంక గూడ ఆ పుస్తకాలు ఎందుకు సదివినవే? నేనైతె నువ్వు మళ్ల ముట్టవనుకున్న.”

వెనక స్టేషన్ మైకు ఏదో చెబుతోంది.

“తెల్లారి తార ఏం జేస్తదో సూద్దామని సదివిన,” అంది. “గా ముచ్చట నాకు ఎవ్వలు చెప్పలేదు గదా. అందరు ఓర్సుకో బిడ్డా అన్నరు, తెల్లారి లేషి ఏం జెయ్యాల్నో ఎవ్వలు చెప్పలే. నేను మెల్లగ పేజీ తిప్పిన. తార లేషింది. మొఖం కడుక్కున్నది. ఆకలైంది, తిన్నది.”

“అంతేనా?”

“గంతే. నేను గూడ గట్లనే చేసిన.”